ఈ జాయింటు నాదే

మా చిన్నాయిన పోయిన మంగళవారం పొద్దున వనపర్తిలో తన ఇంట్లోనే చనిపోయాడు. గుండెపోటు. నేను టీచరుగా పనిచేసే బడిలో ప్రార్థన మొదలవుతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ చిన్నాయిన లేస్తలేడు" అని ఒక్క మాట అని పెట్టేసింది. నేను పోయేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. ఇళ్లకు కరెంటు వైరింగు చేసేవాడు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, మధ్యలో ఆత్మకూరు. బస్సు పోయే ఊరల్లా ఆయన పని చేసే ఊరే. ఆయన సంచిలో పనిముట్లతోపాటు ఒక జత కడిగిన రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉండేవి. వీధి చెప్పులు గడప బయట విడిచి, అవి తొడుక్కుని లోపలికి వచ్చేవాడు. నిచ్చెన వేసే చోట తన పాత దుప్పటి పరిచేవాడు. "మనం పోయినంక ఆడోళ్లు ఊడ్సుకునేటట్టు ఉండొద్దు" అనేవాడు. పని చేస్తున్నంతసేపూ తీగలతో మాట్లాడుతున్నట్టు ఏదో గొణుక్కునేవాడు. చిన్నప్పుడు అది మంత్రమనుకునేదాన్ని.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లందరూ మంచి పనిమంతుడు పోయాడన్నారు. నిజమే. నేను మాత్రం ఆయన పని చెడిపోయిన రెండు రోజుల గురించే చెప్పాలనుకుంటున్నాను. ఆయన ఎలాంటివాడో నాకు తెలిసింది అప్పుడే.

నిరుడు వానాకాలం, ఒక ఆదివారం. మబ్బు కమ్మి పట్టపగలే ఇల్లంతా మసకగా ఉంది. హాల్లో స్విచ్ వేస్తే సీలింగ్ లైట్లు ఆరూ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. తెల్లటి పీఓపీ సీలింగుకు గుండ్రటి రంధ్రాలు చేసి లోపలికి బిగించిన లైట్లు అవి. అంతకు మూడేళ్ల ముందు ఇల్లు కట్టినప్పుడు చిన్నాయినే పెట్టాడు. మా ఆయన దుకాణానికి పోయి కొత్త లైటు తెచ్చి, కుర్చీ ఎక్కి మార్చాడు. అదీ వెలగలేదు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది. చిన్నాయినకు ఫోన్ చేశాను.

"అన్ని ఒక్కసారే పోయినయా, ఒక్కొక్కటి పోయినయా?"

"ఒక్కసారే. రెండు మూడు దినాల సంది మిణుకు మిణుకుమంటున్నయి చిన్నాయినా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"లైట్లు పాతగైనయనుకున్న."

"వాసనేమన్న వస్తుందా?"

తలెత్తి గాలి పీల్చాను. "జర వస్తుంది. ప్లాస్టిక్ కమురు వాసన."

ఆయన గొంతు మారింది. "ఇగ స్విచ్ ముట్టకు. మీటరు కాడ డబ్బాల లైట్ల ఎంసీబీ ఉంటది, కిందికి గుంజు. పోరగాండ్లను హాల్లకెళ్లి బయటికి తియ్యి. వస్తున్న."

మా ఇల్లూ వనపర్తిలోనే, పది నిమిషాల్లో వచ్చాడు. వానకు తడిసి ఉన్నాడు. చెప్పులు మార్చుకున్నాడు, దుప్పటి పరిచాడు. నిచ్చెన ఎక్కి, స్విచ్ బోర్డుకు దగ్గరగా ఉన్న మొదటి లైటును రెండు వేళ్లతో పట్టి కిందికి లాగాడు. స్ప్రింగులు టక్కుమని విడిచాయి. లైటు తీగలకు వేలాడింది. నాతో కరెంటు వేయించి టెస్టర్ పెట్టి చూశాడు. ఒక తీగ మీద వెలిగింది. రెండో దాని మీద కూడా వెలిగింది.

"రెండిట్ల కరెంటు ఉంది గద. మరి లైటెందుకు రాదు?" అన్నాను.

"వచ్చే తొవ్వ ఉంది బిడ్డా. మల్ల పోయే తొవ్వ తెగింది. లైటు మంచిగనే ఉంది, దాన్ని మార్చి ఏం ఫాయిదా?"

మళ్లీ కరెంటు తీయించాడు. తీసేశానని చెప్పినా చేయి పెట్టలేదు, ఇంకోసారి టెస్టర్ పెట్టాడు. "బంద్ చేసిన అని నోరు అంటది. టెస్టర్ అనాలె" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

తర్వాత ఆ రంధ్రంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని వెతికాడు. మెల్లగా ఒక తీగల జాయింటు బయటికి లాగాడు. చుట్టిన టేపు కరిగి పక్కకు జారిపోయింది. లోపల రాగి బొగ్గులా నల్లగా ఉంది. గట్టిగా ఆరేడు మెలికలు ఉండాల్సిన చోట ఒకటిన్నర మెలిక మాత్రమే ఉంది. ఆయన నిచ్చెన దిగి, దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

నేను చాయ్ తెచ్చాను. ముట్టలేదు. "ఏమైంది చిన్నాయినా, ఎలుక కొరికిందా?" అని అడిగాను. ఇప్పుడు తలచుకుంటే, ఆయన తప్పించుకోవడానికి దారి నేనే చూపించానని తెలుస్తుంది. అవునంటే అయిపోయేది. నేను నమ్మేదాన్ని.

"ఎలుక కాదు. ఈ జాయింటు నాదే" అన్నాడు.

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "ఈ ఇల్లు కట్టిన ఎండకాలం నాకు కండ్లు సరిగ్గ కనవడలే. పొర వచ్చింది. ఎవ్వరికి చెప్పలే. చెప్తే పనికి ఎవరు పిలుస్తరు? చేతులకు అలవాటే గద అని తడిమి కట్టిన. దసరా ఎల్లినంక ఆపరేషన్ చేయించుకున్న. మంచిగ కనవడబట్టింది. అప్పటికెల్లి ఎన్కకు చూడలే." నల్లబడ్డ జాయింటును పక్కన పెట్టి, "నీ ఇల్లు ఒక్కటే కాదు బిడ్డా. ఆ ఎండకాలం ఇంకా ఐదిండ్లకు గిట్లనే కట్టిన" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. పిల్లలు ఆ లైట్ల కిందే పడుకుంటారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే ఫోను తీశాడు. ఒక్కొక్క ఇంటికీ చేస్తున్నాడు. "సీలింగ్ లైట్లు వెయ్యకుండ్రి. నేను వచ్చి చూసేదాంక ఆ లైను బంద్ పెట్టుండ్రి." వనపర్తిలో రెండు ఇళ్లవాళ్లు రమ్మన్నారు. గద్వాల వాళ్లు, నాగర్‌కర్నూల్ వాళ్లు లైను తీసేస్తామన్నారు. ఆత్మకూరులో ఒక ఎరువుల దుకాణం సేటు మాత్రం ఫోను ఎత్తలేదు.

మా ఇంట్లో జాయింట్లన్నీ కొత్తగా, పింగాణీ కనెక్టర్లు పెట్టి బిగించాక, "నువ్వు నాతోని వస్తవా?" అని అడిగాడు. "నా కండ్లు ఇప్పుడు మంచిగనే ఉన్నయి. అయినా ఇంకొకరి కండ్లు ఉంటే ధైర్యం." నా స్కూటీ మీద ఆ సాయంత్రమే వనపర్తి ఇళ్లు రెండూ తిరిగాం. దారిలో చెప్పాను, "ఊకె సర్వీసింగ్‌కు వచ్చిన అని చెప్పు, గంత చెప్పుడెందుకు?" అని.

"అబద్ధం చెప్తే ఒక్క లైటు విప్పనిస్తరు. నిజం చెప్తే అన్ని విప్పనిస్తరు" అన్నాడు.

రెండు చోట్లా గడపలోనే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒకావిడ నవ్వేసి నిచ్చెన తెచ్చిచ్చింది. రెండో ఇంట్లో పెద్దమనిషి పని అయ్యేదాకా నిచ్చెన పక్కనే నిలబడ్డాడు. ఒక ఇంట్లో అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంకో ఇంట్లో ఒకటి వదులైంది. చీకటి పడేదాకా ఆత్మకూరుకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి, పొద్దున మొదటి బస్సుకు ఆయనతో ఆత్మకూరు పోయాను. బస్సులో ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీని మెలిపెడుతూ కూర్చున్నాడు.

సేటు ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆ రోజు మనుమరాలిని తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే వేడుక. చుట్టాలు అప్పుడే వస్తున్నారు. ఫోను ఎందుకు ఎత్తలేదో అర్థమైంది. హాలంతా పూలు. సీలింగ్ లైట్లన్నీ వెలుగుతున్నాయి. వాటికి తోడు గోడలనిండా సీరియల్ లైట్లు, మూలన ఒక పెద్ద కూలరు. చిన్నాయిన కళ్లు ఆ కూలరు తీగ వెంట పోయి ఆగాయి. అది లైట్ల లైనుకే తగిలించి ఉంది. పూలు చుట్టిన తొట్టెల సరిగ్గా ఆ వరుస లైట్ల కింద వేలాడుతోంది. పాప అందులోనే ఉంది.

"సేటూ, జర మెయిన్ బంద్ చేయించు. సీలింగుల జాయింట్లు చూడాలె" అన్నాడు చిన్నాయిన.

"ఏమయ్యా, చుట్టాలు వచ్చే టైముకా? వెలుగుతున్న లైట్లను విప్పుతవా? రేపు రా, ఎల్లుండి రా."

"రేపటిదాంక ఆగదు సేటూ. ఆ పని నేను చేసిందే. అప్పుడు నాకు కండ్లు కనవడలే. కనవడకుండనే కట్టిన. తప్పు నాదే."

పళ్లేలు పట్టుకున్నవాళ్లు అలాగే నిలబడ్డారు. సేటు ముఖం ఎర్రబడింది. "కండ్లు కనవడనోనివి నా ఇంటికెట్ల వస్తివి? సిగ్గు లేదు? నలుగుట్ల ఇజ్జత్ తీయనీకి వచ్చినవా ఇప్పుడు?" ఇంకా చాలా అన్నాడు. నాకు చెవులు మండాయి. పోదాం పా అని చిన్నాయిన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కదల్లేదు.

"తిట్టు సేటూ. నేను పడత. కాని మెయిన్ బంద్ చేసినంక తిట్టు."

అప్పుడు సేటు కోడలు, బాలింత, గదిలోంచి వచ్చింది. "మామా, నిన్నటి సంది అక్కడ ఏందో మాడిన వాసన వస్తుందని నేను చెప్పలేదా? అగర్‌బత్తి వాసన అంటిరి" అంది. ఎవరి జవాబూ వినకుండా తొట్టెలలోంచి పాపను ఎత్తుకుని, నేరుగా పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. కూలరు చప్పుడు ఆగిపోయింది. చిన్నాయిన అప్పటికే చెప్పులు మార్చుకుంటున్నాడు.

నిచ్చెన నేను పట్టుకున్నాను. టెస్టర్ పెట్టి చూశాడు. తొట్టెల పైనున్న లైటును లాగాడు. లైటుతోపాటు కొంచెం నల్లటి పొడి రాలింది. చెయ్యి లోపలికి పెట్టి, అబ్బా అని వెనక్కి తీశాడు. జాయింటు ఇంకా కాలుతోంది. తువ్వాలు చుట్టుకుని మళ్లీ పెట్టి బయటికి లాగాడు. తీగల తొడుగు రెండు బెత్తెల మేర మాడిపోయింది. టార్చి వేసి నన్నూ ఎక్కి చూడమన్నాడు. సీలింగు అంచుకు కొట్టిన ప్లైవుడ్ పట్టీ అరచెయ్యంత మేర బొగ్గయింది. దాని పక్కనే, పైకి దోపిన కాగితపు పూల దండలు.

చిన్నాయిన కోసి తీసిన ఆ మాడిన తీగ ముక్కను సేటు చేతిలోకి తీసుకున్నాడు. చుట్టాలకు చూపించలేదు. జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. కాసేపటికి టెంటు కింద కుర్చీలు వేయిస్తున్న గొంతు వినిపించింది. తొట్టెల కూడా బయటే, టెంటు గుంజకు కట్టారు. లోపల కరెంటు లేదు. కిటికీ వెలుతురులో, టార్చి నేను పట్టుకుంటే, చిన్నాయిన ఒక్కొక్క లైటూ విప్పి, ఒక్కొక్క జాయింటూ కోసి, మళ్లీ కట్టాడు. కట్టిన ప్రతి జాయింటునూ నాకిచ్చి, "గుంజి చూడు" అనేవాడు. నేను గుంజేదాన్ని. "ఇంకా గట్టిగ గుంజు" అనేవాడు. బయట పాటలు, పాప ఏడుపు, ఆడవాళ్ల నవ్వులు. పొద్దు వాలుతుంటే పని అయింది. మెయిన్ వేశాం. లైట్లన్నీ వెలిగాయి. ఆయన వాటిని చూడలేదు. ఒక్కొక్క రంధ్రం దగ్గరా ముక్కు పెట్టి వాసన చూశాడు.

మేం గేటు దాటుతుంటే సేటు వెనకాలే వచ్చాడు. క్షమించమనీ అనలేదు, మెచ్చుకోనూ లేదు. "అన్నం తిని పోరాదుండ్రి" అన్నాడు. తర్వాత, వేరేవైపు చూస్తూ, "దుకాణంల వైరింగు వేరేటోళ్లు చేసిండ్రు. నువ్వొకసారి వచ్చి చూస్తవా?" అని అడిగాడు. చిన్నాయిన తల ఊపాడు.

తర్వాత గద్వాల, నాగర్‌కర్నూల్ కూడా పోయి చూసి వచ్చాం. సంగతి ఊళ్లకు పాకింది. కొందరు ఆయనను పిలవడం మానేశారు. దానికి ఆయన నొచ్చుకునేవాడు. బజార్లో ఎవరైనా ముఖం తిప్పుకుంటే ఇంటికొచ్చి చిన్నమ్మతో చెప్పుకునేవాడు. కానీ ఎవరైనా అడిగితే మాత్రం, కండ్లు కనబడని ఆ ఎండాకాలం సంగతి మొదటినుంచి చెప్పేవాడు. నేను బడిలో ఏ పొరపాటు చేసినా, పిల్లల ముందు అది నాదే అని ఒప్పుకోవడానికి నోరు తెరిచే ముందు, ఆ హాల్లో చిన్నాయిన నిలబడిన తీరు గుర్తొస్తుంది.

ఆయన పోయాడన్న ఫోను వచ్చినప్పటి నుంచి మాత్రం నా కళ్ల ముందు ఇంకొకటి ఆడుతోంది. ఆ సోమవారం సాయంత్రం, ఆత్మకూరు నుంచి వనపర్తికి తిరుగు బస్సు. ఆయనకు కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోగానే నిద్రపోయాడు. నెలనెలా జుట్టుకు నల్లరంగు వేసుకునే మనిషి. సీలింగు పొడి పడి జుట్టు, కనుబొమలు, మీసం అన్నీ తెల్లబడ్డాయి. కండక్టర్ వచ్చి "తాత ఏడికి?" అని అడిగింది. మెలకువగా ఉంటే ఆ మాటకు పోట్లాడేవాడే. ఆయనకు టికెట్టు, నాకు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకున్నాను. ఒక చేతి వేళ్లు కాలి బొబ్బలెక్కాయి. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లాడిలా పడుకున్నాడు. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఆయన జుట్టులోంచి కొంచెం తెల్లపొడి రాలి, ఆ అరచేతుల్లో పడుతోంది.