రొయ్యల గుంట దగ్గర నీలం చుక్క

కామమ్మ తొమ్మిదో తరగతిలో ఉండగా, కాలవ గట్టున ఎవడితోనో మాట్లాడుతోందని ఎదురింటి పెద్దమనిషి ఆమె అన్న రమణయ్యకు చెప్పాడు. "నా కళ్ళతో చూసినా" అన్నాడు. ఆమె ఆ రోజు పొలంలో ఉన్న నాయనకు క్యారేజీ పట్టుకుపోయి, ఆయన గట్టెక్కేదాకా ఒంటరిగా నిలబడింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. రమణయ్య ఆమె పుస్తకాల సంచీని అటక మీదికి విసిరేశాడు. ఆడపిల్ల మీద చెప్పే మాటకు సాక్ష్యం అక్కర్లేదు. చెప్పేవాడికి మీసముంటే చాలు.

ఇప్పుడామె అల్లూరు దగ్గర షెడ్డులో రొయ్యల తలలు తీస్తుంది. మొగుడు పోయాక అన్న పంచనే బతుకు. కూతురు వినీల ఇంటర్. పాఠాలకని ఫోను కొన్న రోజే రమణయ్య తేల్చేశాడు: "ఒక్క మాట నా చెవిన పడిందా, ఫోనూ ఉండదు, కాలేజీ ఉండదు."

ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్ళు పిల్లలను మాటల్లో పెట్టి ఫొటోలు అడుగుతారని షెడ్డులో విన్నప్పటి నుంచి కామమ్మకు కునుకు లేదు. రీచార్జి కొట్టు నరేంద్రబాబును అడిగింది.

"దానికి యాప్ ఉండాదిలే అక్కా. పాప యాడుండేది, ఏం చూసేది, అంతా తల్లి ఫోనులో కనపడతాది" అంటూ ఆమె ఫోను తీసుకున్నాడు. మంచులో రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషను మిషనే ఆమెను గుర్తుపట్టదు. "నీ వేలికి తెరుచుకోదు, నెంబరు పెడితే మరిచిపోతావు. నా ఫోనులో పెట్టుకుంటా. ఏమన్నా ఉంటే నేను చెప్పనా?"

అలా తల్లి కూర్చోవాల్సిన చోట నరేంద్రబాబు కూర్చున్నాడు. వినీలకు మాత్రం అమ్మ చూస్తుంటుందనే చెప్పారు.

కొన్నాళ్ళకు అతను గొంతు తగ్గించి, "పాప బస్టాండులో చానాసేపు నిలబడతాంది, కనుక్కో" అన్నాడు. ఆ రోజు నుంచి కూతురు నవ్వినా, తలుపు వేసుకున్నా కామమ్మకు అనుమానమే. "బస్సు రాలేదమ్మా" అంటే నమ్మలేదు. ఒక పొద్దున కూతురి ఫోను లాక్కుని, కవరులో చుట్టి నడుములో దోపుకుంది. ఆ రోజు రొయ్యల గుంటలో పట్టుబడికి పిలిస్తే అట్నుంచి అటే గట్టు మీదికి పోయి సాయంత్రం దాకా రొయ్యలు ఏరింది.

తిరిగొస్తుంటే నరేంద్రబాబు పిలిచాడు. "చెప్పకూడదనుకున్నా అక్కా. పాప ఈ పొద్దు కాలేజీకి పోలా. గుంటల కాడ ఉండింది, ఎవుడితోనో."

"నువ్వు చూసినావా?"

"నా కళ్ళతో చూసినా! మీ అన్నదాకా ఎందుకులే. పాపను ఒకసారి కొట్టుకి పంపు, నేను మాట్లాడి సరిచేస్తా."

కామమ్మ నడుము దగ్గర కవరు తడుముకుంది. నేరుగా ఇంటికొచ్చి వినీలకు ఫోను ఇచ్చేసి అంతా చెప్పింది, కాలవ గట్టుతో సహా.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను చూసింది నువ్వు కాదా?" అంది వినీల. "అందుకేనా మా, నేను యాడ నిలబడితే ఆడికి ఆయన బండి వచ్చేది?"

మర్నాడు తల్లీకూతుళ్ళు రమణయ్యను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళారు. విషయమేమిటో అతనికి చెప్పలేదు. వినీల పక్కనే నిలబడి, నరేంద్రబాబు ఫోనులోంచి తన పేరు తీయించింది. యాప్‌ను తల్లి ఫోనులో పెట్టింది. తెరవడానికి నెంబరు కామమ్మే చెప్పింది, మరిచిపోలేదు. తన ఫోను మ్యాపులో చూస్తే, వినీల నీలం చుక్కై కొట్టు ముందే ఉంది.

నరేంద్రబాబుకు మండింది. "మంచికి పోతే ఇదా? రమణయ్యన్నా, నిన్న మీ పాప గుంటల కాడ ఎవుడితోనో ఉండింది. నా కళ్ళతో చూసినా."

రమణయ్య మేనకోడలి వైపు తిరిగాడు. కామమ్మ అడ్డం వచ్చింది. మళ్ళీ ఆ కొట్టు మెట్టు ఎక్కలేదామె. నరేంద్రబాబుతో అన్న ఆఖరి మాట ఇదే:

"నిన్న పొద్దుగూకులూ పాప ఫోను నా నడుములో ఉండింది నరేంద్రా. గుంట కాడ ఉండింది నేను. నా పక్కన ఎవుడుండినాడో మా అన్నకి చెప్పు, ఈసారి ఆయన అడిగి తెలుసుకుంటాడు."