పూలు లేని మంద

వాల్‌బుర్గాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మొగుడు ఫ్లోరియన్‌ను నాలుగు మాటలు అనందే ఆవిడకు ముద్ద దిగదని ఆ టిరోల్ లోయలో అందరికీ తెలుసు. మనసు మాత్రం వెన్న. ఆ సంగతి ఫ్లోరియన్ ఒక్కడికే తెలుసు.

ఏటా మంచు కరగగానే ఊరి ఆవులన్నిటినీ తోలుకుని అతను కొండమీది పచ్చికకు వెళ్ళేవాడు. మళ్ళీ చలి ముదరకముందే దిగివచ్చేవాడు. వేసవి ఏ కీడూ లేకుండా గడిస్తే ఆవుల తలలకు పూల కిరీటాలు కట్టి ఊరేగింపుగా తేవడం ఆనవాయితీ. ఒక్క దూడ పోయినా ఆ ఏడు పూలుండవు.

ఈసారి వెళ్ళనన్నాడు. "మోకాళ్ళు నొప్పులే బుర్గీ. ఇంకెవరినైనా పంపుదాం."

"ఆహా! పొయ్యి దగ్గర పిల్లిలా ముడుచుకుని పడుకుంటావా? మందను నడిపించే ఆ షెక్కి ఆవు నీ మాట తప్ప ఎవరి మాటా వినదు. వెళ్ళవయ్యా! వేసవంతా నా చెవులకైనా సుఖం."

"సరేలే. పూలతో వస్తాను, అప్పుడైనా నవ్వుతూ ఎదురురా" అని టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

సెప్టెంబరులో అదను కాని మంచు కురిసి కొండదారి మూసుకుపోయింది. పైనుంచి కబురే లేదు. చివరికి దక్షిణపు వేడిగాలి వీచి దారి తెరుచుకుంది. మంద దిగుతోందని తెలియగానే వాల్‌బుర్గా అతనికిష్టమైన బూరెలు వేయించి, వీధిలోకి వచ్చి నిలబడింది.

"మొగుడొస్తున్నాడని కొత్త గౌనా!" అంది పక్కింటి క్రెసెంజ్.

"నోర్ముయ్. పాతదే, ఉతికానంతే."

మలుపులో మంద కనబడింది. ఏ తలమీదా పూలు లేవు.

"అయ్యో, మంచులో ఏదో ఆవు పోయినట్టుందే" అంది క్రెసెంజ్.

"దేవుడా, షెక్కి కాకపోతే చాలు. అది పోతే ఆ మనిషి తిండి ముట్టడు."

అన్నిటికన్నా ముందు షెక్కే వచ్చింది. వాల్‌బుర్గాకు ప్రాణం లేచొచ్చింది. వెనక వచ్చే ఆవుల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచి చూసుకుంది. దూడలతో సహా అన్నీ ఉన్నాయి.

"అన్నీ క్షేమమే కదయ్యా, మరి పూలెందుకు కట్టలేదు?" అని, మొగుడు వెనక వస్తున్నాడనుకుని, మందను తోలుకొస్తున్న మనిషిని నవ్వుతూనే అడిగింది. అతను పక్క పచ్చిక కాపరి. టోపీ తీసి తల దించుకున్నాడు.

"షెక్కి తప్పిపోతే వెతకడానికి మీ ఆయన మంచులోకి వెళ్ళాడమ్మా. అది తనంతట తానే తిరిగొచ్చింది."

షెక్కి దగ్గరకొచ్చి, ఎప్పటిలా ఉప్పు కోసం ఆవిడ చెయ్యి నాకసాగింది.

"మోకాళ్ళు నొప్పులన్నాడే క్రెసెంజ్," అంది. "నాకు చెప్పాడే."