అమ్ఘరాలో కాపురం

ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు నువ్వు కువైట్‌లోనే ఉన్నావు కదా, భయం వేయలేదా అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతుంటారు. వేసింది. వేయకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది. ఎందుకంటే నేను కాపురమంటూ చేసింది అప్పుడే. అది కూడా ఒక బస్సులో.

మా ఆయన జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. పెళ్ళయిన ఏడాదికి నన్నూ అదే ఇంట్లో పనికి రప్పించాడు. మొగుడూ పెళ్ళాలకు ఒకే ఇంట్లో పని, ఇంకేం కావాలని కడపలో మా వాళ్ళంతా కుళ్ళుకున్నారు. వచ్చి చూస్తే ఆయన గది గేటు పక్కన, నా పడక మేడ మీద ముసలావిడ గది గుమ్మం దగ్గర. ఆ ఇంటి పద్ధతిలో డ్రైవరు లోపలికి రాకూడదు, పనిమనిషి బయటికి పోకూడదు. వంటింటి కిటికీలోంచి టీ గ్లాసు అందించేదాన్ని. గ్లాసు అందుకునేటప్పుడు వేళ్ళు తగిలితే ఆ పూటకు అదే మా కాపురం. ఆ ఇంటి పిల్లల ముందు నేను కూడా ఆయన్ని ‘డ్రైవర్’ అనే పిలిచేదాన్ని. సిగ్గేసేది, ఒళ్ళు కూడా మండేది. ఒక గది, ఒక పొయ్యి, మా ఇద్దరికీ మధ్య గోడ లేకపోవడం, నాకు కావలసింది అంతే. ఎప్పుడు అడిగినా చూద్దాం లేమే అనేవాడు. అట్లా చూస్తుండగానే మూడేళ్ళు గడిచిపోయాయి.

ఆ ఆగస్టులో మా కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, పెళ్ళాం పిల్లలతో వేసవికని వేరే దేశం పోయి ఉన్నాడు. ఇంట్లో మిగిలింది వాళ్ళమ్మ ఒక్కతే. యజమానురాలిని మేం మామా అని పిలుస్తాం కాబట్టి ఈవిడ నాకు పెద్ద మామా. విమానం ఎక్కమంటే ససేమిరా అన్న మనిషి. మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నిన్ను ఊరికి పంపించేస్తానని నన్ను పొద్దుటికి సాయంత్రానికి మధ్య ఎన్నిసార్లు బెదిరించేదో చెప్పలేను.

సైనికులు వచ్చిన కొన్నాళ్ళకు మా వీధిలో ఇళ్ళన్నీ ఖాళీ చేయమన్నారు. ఆ ఇళ్ళల్లో వాళ్ళే ఉంటారట. ఎక్కడికి పోవాలో తెలియక నేను ఏడుపు మొదలుపెట్టాను. పెద్ద మామా మాత్రం ఇంటి వెనక షెడ్డు వైపు కర్ర చూపించింది. చలికాలం వస్తే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. ఆ సరదా కోసమే ఆమె భర్త బతికి ఉండగా ఒక పాత బస్సును ఇల్లులాగా కట్టించుకున్నాడు. వెనక ఒక మంచం, ముందు రెండు బల్లలు, వాటి మధ్య మడతపెట్టే టేబులు, రెండు మంటల గ్యాసు పొయ్యి, కప్పు మీద నీళ్ళ ట్యాంకు. నాకు చేతనైనన్ని బియ్యం, పప్పు, పాలపొడి డబ్బాలు అందులో వేశాను. మా ఆయన పెద్ద మామాను ఎక్కించి నేరుగా అమ్ఘరాకు తోలాడు. అక్కడ తుక్కు వాహనాలు పోసే యార్డు ఒకదానికి మా రాయచోటి వైపు మనిషి కాపలా ఉండేవాడు.

మంచి బండి కనిపిస్తే చాలు, సైనికులు తోలుకుపోతున్నారు. అందుకని మా ఆయన బస్సును తుక్కు కుప్పల మధ్యకు తెచ్చి, చక్రాలు ఊడదీసి దాచేసి, ఇటుకల మీద నిలబెట్టాడు. అద్దాలకు పాత ఆయిలూ మట్టీ కలిపి పూశాడు. దూరం నుంచి చూస్తే చచ్చిన బండ్లలో అదీ ఒకటి. లోపల మాత్రం మేం ముగ్గురం, మా ఉడుకు, మా చెమట.

బస్సులో బతకడం మాకు ఒక పట్టాన రాలేదు. నడిచే దారి ఎంత సన్నమంటే ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి. పొయ్యి పైన అలమర తలుపు రోజూ నా నుదుటికి తగిలేది. బొప్పి తగ్గకముందే ఇంకో బొప్పి. మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్ళు టీ కాచుకునేంత వేడెక్కేవి. చిన్నప్పుడు గుడారాల్లో పెరిగిన పెద్ద మామా మంచం మీంచే మాకు పనులు పురమాయించేది. గోనెసంచులు తడిపి కిటికీలకు వేలాడదీయమనేది, తెల్లారకముందే వంట ముగించమనేది, నీళ్ళు పొద్దున్నే పట్టి మంచం కింద పెట్టమనేది. చేసేవరకు యల్లా యల్లా, కానీండి కానీండి అంటూ కర్రతో రేకు మీద కొడుతూనే ఉండేది. ఆ చప్పుడుకు సైనికులు వస్తారేమోనని మా ప్రాణాలు పోయేవి.

ఆమె మంచానికీ మా బల్లలకూ మధ్య నేనొక దుప్పటి కట్టాను. టేబులు దించి బల్లలతో కలిపితే మా ఇద్దరికీ పడక. పెళ్ళయి నాలుగేళ్ళయిన మనిషి గురించి నాకు ఏమీ తెలియదని ఆ పడక మీదే తెలిసింది. గురక పెడతాడు. నిద్రలో పళ్ళు కొరుకుతాడు. కూర నోట్లో పెట్టుకోకముందే ఉప్పు అడుగుతాడు. తడి తువ్వాలు తెచ్చి సరిగ్గా నేను తల పెట్టుకునే చోట పడేస్తాడు. ఆ తువ్వాలు మీదే మా మొదటి కొట్లాట. నేను ఎడాపెడా తిట్టాను. ఆయనా ఊరుకోలేదు. తిట్టుకుంటూనే లోపల ఎంత సంతోషపడ్డానో! ఊళ్ళో మా అమ్మా నాన్నా పోట్లాడుకున్నట్టే మేమూ పోట్లాడుకుంటున్నాం. అంటే మాదీ ఒక సంసారమే.

పాల సంగతి కూడా చెప్పాలి. కొత్త ఇంట్లో చేరితే మేం ముందు పాలు పొంగిస్తాం. తూర్పు వైపు పొంగితే ఇంటికి మంచిదంటారు. బస్సు ఎటు తిరిగి ఉందో నాకు తెలియదు. ఎండను చూస్తే పొయ్యి ముఖం పడమటికి ఉంది. బండిని కాస్త తిప్పమని మా ఆయన్ని అడిగాను. చక్రాలు లేని బండిని నెత్తిన పెట్టుకుని తిప్పాలా అని కసిరాడు. సరే, నా పాట్లు నేనే పడతానని, చారెడు పాలపొడి కలిపి, గిన్నె కింద ఒక పక్కన చెంచా పెట్టి తూర్పుకు వంచాను. పాలు బ్రహ్మాండంగా తూర్పుకే పొంగాయి. పొంగి నేరుగా మంట మీద పడి దాన్ని ఆర్పేశాయి. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాను. గ్యాసు వాసన ముందు పట్టింది పెద్ద మామాయే. ఆమె కేకకు మా ఆయన సిలిండరు కట్టేసి, ఆమెను ఎత్తుకుని బయటికి దూకాడు. ముగ్గురం మిట్టమధ్యాహ్నం ఎండలో, విరిగిన ఒక కారు నీడన కూలబడ్డాం.

పాలపొడి దొరకని రోజుల్లో పాలు నేలపాలు చేస్తావా, మమ్మల్ని తగలబెట్టాలనుకున్నావా అని ఆమె కడిగేసింది. నాకు వచ్చిన ముక్కల అరబ్బీలో మా ఆచారం చెప్పాను. ఆమె బస్సు వైపు చూసింది.

“ఇది బస్సు. ఇల్లెట్లా అయింది?” అంది అరబ్బీలో.

“మేమిద్దరం ఒక చోట ఉన్నాం కదా మామా” అన్నాను.

మా ఆయన ఆ సాయంత్రమంతా పిన్నీసుతో పొయ్యి చిల్లుల్లోంచి మాడిన పాలు తీస్తూ నన్ను తిడుతూ కూర్చున్నాడు. అన్నం వేళకు ఎప్పటిలాగే ఆమెకు ముందు వడ్డించి, మా కంచాలు తీసుకుని బయటి మెట్టు మీదకు పోబోతుంటే ఆమె కర్ర అడ్డం పెట్టింది. టేబులు చూపించి ఇద్దర్నీ కూర్చోమంది. మా ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. ఏళ్ళ తరబడి ఆమెను కారులో తిప్పినవాడు ఆమె ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత రోజూ ముగ్గురం కలిసే తిన్నాం. నా చింతపండు పప్పును తిట్టుకుంటూనే రెండోసారి వేయించుకునేది.

ఇట్లా రోజులు పోతుండగా ఒక పొద్దున్న జీపు వచ్చి మా ముందు ఆగింది. పెద్ద మామా చెల్లెలి కొడుకట. ఎక్కడెక్కడో వాకబు చేసి పట్టుకున్నాడు. పెళ్ళాం పిల్లలతో ఎడారి దారిన సౌదీ దాటిపోతున్నాడు. పెద్దమ్మకు చోటు ఉంచాడు. ఇరుక్కుంటే ఇంకో ఆడమనిషికి చోటుంది, ఆమెను చూసుకోవడానికి పనిమనిషి రావాలి అన్నాడు. డ్రైవరుకు చోటు లేదు. తనతో పాటు ఇంకో మగవాడుంటే దారిలో ఆపి అడుగుతారని కూడా అన్నాడు.

అప్పటికి మన వాళ్ళంతా గుంపులుగా బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారు. అక్కడి శిబిరాల్లో నీళ్ళు లేవు, తిండి లేదు అని వింటున్నాం. జీపు ఎక్కితే నాకు భద్రం. ఎక్కకపోతే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. మా ఆయన నన్ను తుక్కు కుప్పల వెనక్కి తీసుకుపోయాడు.

“నువ్వు పోమ్మే. పెద్ద మామా కాడుంటే నీకు కూటికి కొదవుండదు. నేను యాడనో ఒక సోట పడుంటా. మల్లొచ్చి కలుసుకుంటా” అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మూడేండ్లు కిటికీలోనించి టీ ఇచ్చినా నీకు. మల్లా ఆ కిటికీ కాడికే పొమ్మంటాండావా? బతికినా సచ్చినా నీతోనే. నేను పోను” అన్నాను. అనడం కాదు, అరిచాను. జీపులో పిల్లలు కూడా తిరిగి చూశారు.

చెల్లెలి కొడుక్కి మా భాష రాకపోయినా సంగతి అర్థమైంది. పనిమనిషి ఇష్టమేంది, ఎక్కమంటే ఎక్కాలి అని నా వైపు వచ్చాడు. నేను పెద్ద మామా వైపు చూశాను. నా అవసరం ఆమెకు నిజంగానే ఉంది. నేను లేకపోతే ఆమె కాళ్ళకు నూనె రాసేవాళ్ళు లేరు, స్నానం చేయించేవాళ్ళు లేరు. ఆమె ఒక్క మాటంటే నన్ను ఎక్కించేసేవాడే. ఆమె తన మంచాన్ని, నేను కట్టిన దుప్పటిని, టేబులును అన్నింటినీ చూసింది.

“ఆమె పనిమనిషి కాదు, ఈ ఇంటి ఇల్లాలు. మనమే ఆమె ఇంట్లో ఉన్నాం. పోదాం పద, ఖలాస్” అంది అతనితో.

మా ఆయన ఆమెను చేతుల్లో ఎత్తుకుని జీపులో కూర్చోబెట్టాడు. కూర్చున్నాక కూడా నన్ను పిలిచి, గోనెలు తడపడం మానొద్దని, పాలు వృథా చేయొద్దని గట్టిగా కేకలేసింది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. మనిషి బయలుదేరాక వెంటనే ఇల్లు ఊడవకూడదంటారు. మామూలుగా రోజుకు రెండుసార్లు ఇసుక ఊడ్చేదాన్ని, ఆ రోజంతా చీపురు ముట్టలేదు. ఇద్దరమే మిగిలాం. నేను ఎప్పుడూ కోరుకున్నది అదే కదా, అయినా అన్నం ముగ్గురికి వండేశాను. మా ఆయన ఆమె మంచం మీద పడుకోమంటే నాకు మనసొప్పలేదు.

ఇంకొన్నాళ్ళకు బాగ్దాద్ పోయే బస్సులో మాకూ చోటు దొరికింది. బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దు, శిబిరంలో ఎండ, విమానం, బొంబాయి, కడప. దారంతా ఆయన చొక్కా కొస పట్టుకునే ఉన్నాను. పెద్ద మామా క్షేమంగా చేరిందని, ఆ తర్వాత సౌదీలోనే పోయిందని చాలా రోజులకు తెలిసింది.

యుద్ధం అయిపోయాక కఫీల్ మా ఆయన్ని మళ్ళీ పిలిచాడు. నన్ను పిలవలేదు. ముసలావిడ లేదు కాబట్టి నాతో పనిలేదు. ఆయన వెళ్ళాడు, నేను ఉండిపోయాను. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. వచ్చినన్నాళ్ళూ ఇంటినిండా చుట్టాలు. ఉప్పు ఎక్కువ అడుగుతాడు, వేస్తాను. తువ్వాలు ఎక్కడ పడేసినా తీసి ఆరేస్తాను. మళ్ళీ పోయే మనిషిని ఏమనబుద్ధవుతుంది? అమ్ఘరా నుంచి వచ్చాక ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనలేదు. ఊళ్ళో ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా, వాళ్ళను చూసి నేర్చుకోండి అని మా ఇద్దరినీ చూపిస్తారు.