లెక్కలాయన ఎక్కిన రోజు

కండక్టరమ్మకి మెత్తగా మాట్లాడటం వచ్చని ఎవరైనా అంటే ఆ ఊరివాళ్లు పగలబడి నవ్వుతారు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లని "లోపలికి తగలడండ్రా, మీ అమ్మలకి నేను సమాధానం చెప్పలేను" అని కసురుతుంది. సీటు నిండా మూటలు పరిచిన ముసలాయన్ని "ఏం తాతా, వీటిక్కూడా టికెట్ కొట్టమంటావా?" అని దబాయిస్తుంది. అయినా ఎవరికీ కోపం రాదు. దూరంగా ఎవరో పరుగెత్తుకొస్తుంటే, డ్రైవరు ఎంత సణిగినా సరే, విజిల్ ఊది బస్సు ఆపించేది ఆవిడే మరి.

ఆ బస్సు రాత్రికి ఆఖరి ఊళ్లో ఆగి, పొద్దున్నే ఆసుపత్రి మీదుగా పట్నం బస్టాండుకి వెళుతుంది. డ్రైవరు వెనక మొదటి సీటు కండక్టరమ్మ అక్కది. అక్కడ ఇంకెవరూ కూర్చోరు. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకటే ఇల్లు. అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పట్నంలో డయాలసిస్ చేయించుకోకపోతే ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు. ఊరి ఆసుపత్రికి ఆ యంత్రాలు రాకపోలేదు. వచ్చాయి, పెద్దలు రిబ్బన్లు కత్తిరించారు, ఫోటోలు దిగారు. వాటిని నడిపేవాళ్లని వేయడానికి మాత్రం ఖజానాలో డబ్బుల్లేవట! అవి దుప్పట్లు కప్పుకుని హాయిగా పడుకున్నాయి. ఆ ఆసుపత్రిలో సుఖపడుతున్నవి అవే.

అందుకని అక్కకి బస్సే దిక్కు. ఇప్పుడు ఆ బస్సుకే ఎసరు పెట్టారు.

నష్టాల్లో ఉన్న రూట్లు ఎత్తేస్తారని డిపోలో గుసగుసలు మొదలయ్యాయి. రోగులకీ, బడిపిల్లలకీ ప్రభుత్వం ఉచిత పాసులిచ్చింది. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ సొమ్ము డిపోకి కట్టడం మర్చిపోయింది. తీరా చూస్తే బస్సు కిక్కిరిసి నడుస్తుంది, కాగితం మీద మాత్రం నష్టం.

కండక్టరమ్మ చూస్తూ ఊరుకునే రకమా? ప్రతి స్టాపులోనూ నెత్తీనోరూ బాదుకుని చెప్పింది. "ఒకరిద్దరు వెళ్లి అడిగితే ఎవరూ చెవినేసుకోరు. అర్జీలు తీసుకునే రోజున అందరూ కదలండి. ఎవరైనా ఇంట్లో మిగిలారో, ఇక నా బస్సు ఎక్కనివ్వను, చెప్తున్నా!"

జనం నిజంగానే కదిలారు. అర్జీలు తీసుకునే పెద్దాఫీసు వేరే దిక్కున ఉంది, ఈ బస్సు అటు పోదు. చందాలేసుకుని లారీలు మాట్లాడుకున్నారు. దారిలో ఉన్న ఊళ్లన్నీ అంతే. తెల్లారుతుండగా లారీ మీదనుంచి ఎవరో అరిచారు. "కండక్టరమ్మా, నీ బస్సుని కాపాడుకొస్తాం!"

"ముందు మీరు కిందపడకుండా వెళ్లిరండి!" అని ఆవిడ టికెట్ల సంచి ఎత్తి ఊపింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

లారీలు కనుమరుగయ్యాక, టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఒకాయన నెమ్మదిగా బస్సెక్కాడు. చేతిలో, నొక్కితే టిక్కుమని మోగి మనుషుల్ని లెక్కపెట్టే చిన్న మీట ఉంది.

"హెడ్డాఫీసు నుంచమ్మా. ఈ రూట్లో ఎంతమంది ఎక్కుతున్నారో చూసి రమ్మన్నారు. ఈ ఒక్కరోజే. ముందుగా చెప్పకూడదని ఆర్డరు."

కండక్టరమ్మ గబుక్కున వెనక్కి తిరిగి సీట్లకేసి చూసింది. బస్సులో అక్క తప్ప పురుగు లేదు. తర్వాతి స్టాపులో డ్రైవరు హారన్ మోగించి మోగించి చేయి తీశాడు. ఎవరొస్తారు? ఆ తర్వాతి స్టాపూ అంతే. ఎవర్నీ మిగలొద్దని చెప్పిన నోరు తనదే.

"సార్, అందరూ ఈ బస్సు కోసమే వెళ్లారు సార్! మీరూ చూశారుగా లారీల్ని!"

"చూశానమ్మా," అన్నాడాయన తల దించుకుని. "కానీ బస్సులో లేనివాళ్లకి మీట ఎలా నొక్కను?"

"మరి మా అక్క ఉందిగా!"

"ఆవిడది పాసు. డబ్బులిచ్చి టికెట్ కొన్నవాళ్లే లెక్కలోకి వస్తారు."

అక్క ఇదంతా వింటూనే ఉంది. కొంగుముడి విప్పి టీకని దాచుకున్న డబ్బులు తీసింది. "ఏమే, నాకు టికెట్ కొట్టు."

"అక్కా, ఊరుకో..."

"కొట్టవే! టీ తాగకపోతే చావనులే."

టికెట్ చినిగింది. ఆయన మీట నొక్కాడు. ఆ రోజు దారి పొడవునా అది మోగింది ఆ ఒక్కసారే.

"చూశావా, నీ బస్సుని నిలబెట్టాను," అని అక్క నవ్వింది.

అర్జీని నవ్వుతూనే తీసుకున్నారట, తప్పకుండా చూస్తామన్నారట. చూశారు. ప్రయాణికులే లేరు కాబట్టి రూటు రద్దన్నారు. కండక్టరమ్మని దూరంగా వేరే డిపోకి మారుస్తూ ఆర్డరు వేశారు. ఊళ్లో ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడ కుమిలిపోయింది.

"ఎత్తేద్దామనే వచ్చుంటార్లే తల్లీ, నువ్వేం చేస్తావ్," అన్నాడు డ్రైవరు.

"బస్సు నిండుగా ఉంటే ఏ మొహం పెట్టుకుని ఎత్తేసేవాళ్లన్నా?" అంది ఆవిడ.

ఆఖరి రోజున బస్సులో కాలు పెట్టే చోటు లేదు. పాసులున్న పిల్లలు కూడా డబ్బులిచ్చి టికెట్లు కొట్టించుకున్నారు. లెక్కపెట్టడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర అక్క కడ్డీ పట్టుకుని మెల్లగా దిగింది. దిగి, వెనక్కి తిరిగింది.

"బాడుగ జీపువాడితో మాట్లాడానే. వాడడిగే డబ్బుకి మనం ఎంత సర్దుకున్నా వారానికి రెండుసార్లకే వీలయ్యేట్టుంది. మూడింట్లో ఏ రోజు మానెయ్యమంటావ్? నువ్వే చెప్పు."

డ్రైవరు అద్దంలో చూస్తూ విజిల్ కోసం ఆగాడు. విజిల్ ఆవిడ పెదాల మధ్యే ఉంది.