సిద్దమ్మ కుడి కాలు

2023 వేసవిలో మదనపల్లెలోని ఒక చిన్న క్లినిక్‌లో హోమ్ కేర్ నర్సుగా పనిచేసేదాన్ని. క్లినిక్‌కు రాలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి డ్రెస్సింగులు చేయడం, యూరిన్ గొట్టాలు మార్చడం, ఇంట్లోవాళ్ళకు రోగిని చూసుకునే పద్ధతి నేర్పడం నా పని. పుంగనూరు వైపు ఇళ్ళన్నీ నా వంతే. బుధవారాలు స్కూటీ మీద వెళ్ళేదాన్ని.

అక్కడ బస్టాండు వెనక వీధిలో నారాయణప్ప, సిద్దమ్మ ఉండేవారు. ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె పెళ్ళయిన కొత్తలో టమోటా తోటల్లో కూలికి పోయేదట. ఆయనకు ఉద్యోగం వచ్చాక కూడా మానలేదట. అరవై ఎనిమిదేళ్ళకు ఆమెకు డిమెన్షియా ముదిరిపోయింది. మతిమరుపుతో మొదలై మాట, గుర్తు, ఆకలి, చివరికి ఒంటికీ రెంటికీ తెలిసే శక్తి కూడా పోయే జబ్బు అది. కూతురు కుప్పంలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చిపోయేది. మిగిలిన ఆరు రోజులూ ఆయనే స్నానం చేయించి, జడ వేసి, రాగిసంగటి మెత్తగా పిసికి తినిపించేవాడు. ఆయనెవరో ఆమెకు తెలియదు. అయినా ఆయన పక్కన కూర్చుంటే కుదురుగా ఉండేది.

ఏప్రిల్‌లో ఒక బుధవారం వెళ్ళేసరికి ఆయన చెంప మీద గోళ్ళ గీతలున్నాయి.

"ముందట్లా లేదమ్మా. నన్ను సూస్తే సాలు, కొడ్తాండాది. నిన్న మంచం మింద నుంచి లేపబోతే ఈడ కొరికింది," అని ముంజేయి చూపించాడు నారాయణప్ప.

సిద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నడక కూడా మానేసిందన్నాడు. బీపీ, జ్వరం చూశాను. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే ప్రవర్తన ఇలా మారుతుంది కాబట్టి పరీక్షకు పంపాను. ఏమీ లేదని వచ్చింది. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను.

"జబ్బు ముదిరితే ఇట్లే ఉంటాదప్పా. బిహేవియరల్ చేంజెస్ అంటాము. సొంత మనుషుల్నే శత్రువులనుకుంటారు. మనసులో పెట్టుకోవద్దు. కొట్టబోతే వాదించకుండా కాసేపు బయట నిలబడి మళ్ళీ పోప్పా," అని ధైర్యం చెప్పాను.

ఆయన తలూపాడు. "నలభై మూడేండ్లు కాపురం సేసినాము. నేనెట్ల శత్రువయినానమ్మా?"

నేను బ్యాగు సర్దుకుని లేచాను.

ఆ ఆదివారం కూతురు ఫోన్ చేసింది. "మా నాయన కంటికి దెబ్బ తగిలిందక్కా. ఇట్లయితే మాయమ్మ కంటే ముందు ఆయనే పోతాడు. నిద్రమందేమన్నా ఇప్పియ్యి."

రోగి అకారణంగా తిరగబడడాన్ని మేము ఆజిటేషన్ అంటాం. మా క్లినిక్ డాక్టరుగారికి ఆ మాటే చెప్పాను. నా మాట మీదే ఆయన మందు రాశారు. సిద్దమ్మ కొట్టడం మానేసింది. 'శాంతించింది' అని నా పుస్తకంలో రాసుకున్నాను.

మూడు వారాలకు ఆమె నడుము కింద బెడ్ సోర్ తేలింది. కదలకుండా పడుకున్నవాళ్ళకు చర్మం నలిగి పడే పుండు అది. దాన్ని కడగడానికి నేనూ నారాయణప్పా కలిసి ఆమెను పక్కకు తిప్పాం. అంత మత్తులోనూ సిద్దమ్మ అరిచింది. ఆయన ఉలిక్కిపడి చేతులు తీసేశాడు. నేను దుప్పటి పూర్తిగా లాగి అప్పుడు చూశాను. కుడి కాలు ఎడమ కాలికంటే పొట్టిగా ఉంది. పాదం బయటికి వాలిపోయింది. నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పే గుర్తు అది. తుంటి ఎముక విరిగింది.

"అప్పా, యాడన్నా పడిందా?"

"పడిందో ఏమో. నేను పాలకు పోయొచ్చేలోగా బాత్రూము గడప కాడ కింద కూసోనుండె. నెలకు పైనే అయింటాది. రక్తం రాలేదు, ఏడవనూ లేదు. లేపి పండబెట్టినా. సెప్పాల్సిండెనా అమ్మా?"

అడగాల్సింది నేను. అన్ని బుధవారాలు వెళ్ళి ఒక్కసారి కూడా అడగలేదు.

మదనపల్లెకు తీసుకొచ్చి ఎక్స్‌రే తీయించాం. ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదన్నారు. నొప్పిమందు మొదలుపెట్టి, నిద్రమందు మెల్లగా తగ్గించారు. మళ్ళీ కొడుతుందేమోనని భయపడ్డాను. కొట్టలేదు. వారం తిరిగేసరికి ఆయన సంగటి పెడితే నోరు తెరిచింది.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే నారాయణప్ప వాకిట్లోకి వచ్చాడు.

"అయితే నా మింద కోపం కాదన్నమాట."

"కాదప్పా. నొప్పి."

"దినామూ ఆ కాలు పట్టుకోనే కదమ్మా లేపింది. ఆ నొప్పి పెట్టింది నేనే గదా."

"నీకు తెలీదప్పా. తెలిసుండాల్సింది నాకు."

"బుధవారం మళ్ళా రామ్మా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

జూన్‌లో పుండు లోతుకు దిగి, జ్వరమొచ్చి సిద్దమ్మ చనిపోయింది. నేను చివరిచూపుకు వెళితే కూతురు నాతో మాట్లాడలేదు. ఆమె తప్పేమీ లేదు.

ఇప్పటికీ ఇళ్ళకు వెళుతూనే ఉన్నాను. మతి తప్పిన మనిషి ఉన్నట్టుండి కొడుతోందనో తిడుతోందనో ఎవరైనా చెబితే, జబ్బంటే అంతేనని చెప్పి వచ్చేయను. ముందు ఎక్కడైనా పడిందా అని అడుగుతాను. దుప్పటి తీసి, తల నుంచి పాదం దాకా ఒక్కొక్క చోటా మెల్లగా నొక్కుతూ ముఖం చూస్తాను. పళ్ళు చూస్తాను, చెవులు చూస్తాను, విరేచనం ఎన్నాళ్ళయిందని అడుగుతాను. నొప్పి అనే మాట కూడా మరచిపోయిన మనిషికి చెయ్యెత్తడం తప్ప వేరే దారి ఉండదు. సిద్దమ్మ తనకు చేతనైనట్టు వారాల తరబడి చెప్పింది. వినవలసిన ఉద్యోగం నాది.