బట్టీ గోడకు ఆనించిన విత్తనాల కుండ

పాకిస్తానుతో యుద్ధం వచ్చిన ఏడు మేము పెద్దముడియం పక్కనున్న మా పల్లె విడిచి ప్రొద్దుటూరికి పోయినాము. ఆ పొద్దు ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి కండ్లనీళ్లు పెట్టుకుందని నా మనవళ్లకు చెప్తుంటాను. ఎవరూ పెట్టుకోలేదు. ఒక కుక్క మాత్రం వాగు దాకా వెంట వచ్చింది. అది కూడా మాది కాదు.

పోదామన్నది నేనే. అప్పటికి నాకు పెండ్లయి రెండేండ్లు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. నల్లరేగడి పర్రెలు విచ్చి, కాలు పెడితే మోకాటి దాకా దిగేది. సరే, చీలమండ దాకా. పని వెతుక్కుంటా ఒకసారి ప్రొద్దుటూరు పోయి వచ్చి నాయనతో చెప్పినా.

"సిపాయిలకు దుప్పట్లు కావాలంట నాయనా. పత్తి మిల్లులు రేయింబగళ్లు తిరుగుతాండాయి. మేనేజరు నా భుజం మీద చెయ్యేసి, ఇంటిల్లిపాదీ రాండప్పా అన్నాడు."

మేనేజరును నేను చూడనే లేదు. గేటు కాడ టీ అమ్మేటాయన "యుద్ధం గదా, పని దొరకచ్చులే" అన్నాడు, అంతే. ఆ మాటను దోవ పొడుగునా ఊదుకుంటా ఇంటికి తెచ్చినా. నా భార్యది పులివెందుల పక్క, మాటకు మొహమాటం లేని మనిషి. "ఈయన నోట్లో పడితే ఆవగింజ గూడా గుమ్మడికాయ అయితాది అత్తా" అనింది మా అమ్మతో. ఎవరూ చెవిన పెట్టలేదు.

నాయన ఎద్దులను అమ్మేసినాడు. చేను మాత్రం అమ్మలేదు, బీడు పెట్టినాడు. "వాన పడినాంక వచ్చేస్తాం. యుద్ధమైనా కరువైనా ఏడాదికి మించి ఉంటాదా?" అన్నాడు. తిరిగి వస్తామనేదానికి జామీను మాదిరి అమ్మ విత్తన జొన్నల కుండను వెంట తెచ్చింది. మా ఇండ్లల్లో విత్తనాన్ని బూడిదలో కలిపి, పైన వేపాకు పరిచి, మూతకు పేడా మన్నూ మెత్తి పెడతారు. ఆకలికి చచ్చినా ఆ మూత తీయరు. తీసేది విత్తే ముందరే. బస్సులో అమ్మ దాన్ని చంటిబిడ్డ మాదిరి ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

మిల్లులో పని లేదు. మా చేండ్ల మాదిరే పత్తి చేండ్లూ ఎండిపోతే మిల్లు ఏం తిరుగుతాది? నాయన గేటు ముందర మూడు దినాలు నిలబడినాడు.

"నీ మేనేజరు యాడరా?"

"యుద్ధానికి పోయినాడంట నాయనా."

లేని ఆ మేనేజరు క్షేమంగా తిరిగి రావాలని నాయన దేవుడికి దండం గూడా పెట్టుకున్నాడు. తర్వాత మండీలో మూటలు మోసే పనికి కుదిరినాడు. మేము అద్దెకున్న అర్రకు ఆనుకొని ఒక సాయిబు బొరుగుల బట్టీ. అమ్మా, నా భార్యా ఆయన కాడ బొరుగులు జల్లెడ పట్టేవాళ్లు.

ఆ అర్రలో నేల చెమ్మ, మూడు గోడలూ చెమ్మ. బట్టీ వైపు గోడ ఒక్కటే ఎప్పుడూ వెచ్చగా, పొడిగా ఉండేది. విత్తనానికి తడి శత్రువని అమ్మ పుట్టినప్పటి నుంచి విన్న మాట. కుండను ఆ గోడకు ఆనించి పెట్టింది. పొద్దున్నే దాన్ని చేత్తో తడిమి, "ఎంత పొడిగుందో చూడండి" అని మురిసిపోయేది. మేమూ మురిసిపోయినాం.

మరుసటి ఏడు ఉత్తర కార్తెలో మా పక్క మంచి వాన పడిందని మండీకి వచ్చిన బండ్లోళ్లు చెప్పినారు. నాయన మోస్తాన్న మూట దించి మళ్లీ ఎత్తలేదు. అర్రకు వచ్చి, కుండ మూత పగలగొట్టి, గుప్పెడు జొన్నలు నా చేతిలో పోసినాడు.

"మొలక కట్టి చూడరా."

గింజలు తడిగుడ్డలో మూటగట్టి నీళ్లకుండ కింద పెట్టడం, మూడోనాడు విప్పి చూడడం. మొలకలు చూసుకొని గానీ మాలో ఎవరూ విత్తరు.

మూడోనాడు విప్పినా. ఒక్కటీ మొలవలేదు. గింజలు ఉబ్బి, పులిసిన వాసన వస్తాండాయి. నా చెయ్యి దానంతటదే బట్టీ గోడ మీదికి పోయింది. ఏడాది పొడుగునా మా విత్తనాన్ని మేమే వేయించుకుంటా ఉండామని అప్పుడు తెలిసింది.

తలెత్తితే నాయన వాకిట్లో కొత్త పలుపు పేనుతాన్నాడు. కట్టేదానికి ఎద్దుల్లేవు, దాయాది కాడ రెండు దినాలకు అడుక్కోవాల. అయినా పేనుతాన్నాడు, ఏదో కూనిరాగం తీస్తా. ప్రొద్దుటూరికి వచ్చినాంక ఆయన నోట ఆ రాగం విననే లేదు.

"ఎన్ని మొలిచినాయిరా?"

"అన్నీ నాయనా. పిచ్చుకపిల్లల మాదిరి నోర్లు తెరుచుకొని ఉండాయి."

కొన్ని అని ఉంటే వేరే విత్తనం వెతుక్కునేవాడు. తక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు.

పల్లెకు పోయి విత్తినాము. వారం పోయింది, పది దినాలు పోయినాయి. చుట్టూ చేండ్లన్నీ పచ్చబడినాయి. మాది నల్లగానే ఉంది. నాయన సాలెంబడి మోకాళ్ల మీద పోతా వేలితో మన్ను తోడినాడు. ఒక గింజ దొరికింది. గోటితో నొక్కితే పిండి మాదిరి చితికింది.

"మూటలో అన్నీ మొలిచినాయి గదరా?"

అప్పుడైనా చెప్పాల్సింది. కుండను ఆ గోడకు ఆనించిన అమ్మ గట్టు మీద నిలబడి నా మొగమే చూస్తాంది.

"మొలిచినాయి నాయనా."

నాయన గుప్పెడు మన్ను ఎత్తి వేళ్ల సందున జారవిడిచినాడు. "అట్లయితే గింజది తప్పు కాదు. నేల అలిగింది. వదిలిపెట్టి పోతిమి గదా, మనల్ని వద్దంటాంది" అన్నాడు.

మళ్లీ విత్తుదామంటే అప్పటికే నేలలో పదను ఆరిపోయింది. అలిగిన నేలను బతిమాలే ఓపిక లేదని చేను దాయాదికి అమ్మేసినాడు. మళ్లీ ప్రొద్దుటూరికే వచ్చినాము, అదే అర్రకు. అడిగినోళ్లందరికీ కరువు మా చేను తినేసిందని చెప్పినా. వినేవాళ్లు నెమ్మదస్తులైతే మిడతల దండును గూడా దించినా.

ఆ పై ఏడు పెద్దముడియంలో చుట్టం ఒకాయన సచ్చిపోతే, నేనూ నాయనా జమ్మలమడుగులో బస్సు మారి పోతాన్నాము. దోవ పక్కనే మా చేను. జొన్న మనిషెత్తు పెరిగి, కంకులు బరువుకు వంగి ఉండాయి. ఇది ఊది చెప్పింది కాదు, మనిషెత్తే.

నాయన కిటికీ ఊచ పట్టుకొని అడిగినాడు. "అది మనదే గదరా?"

"కాదు నాయనా. మనది ఇంకా అవతల."

నలభై ఏండ్లు ఆ చేను దున్నిన మనిషి. సరేనని తల ఊపి, బస్సు దిగే దాకా అవతలికే చూస్తా కూర్చున్నాడు.