తూటా ఉందేమో చూసే సుబేదారు గారు

ఢిల్లీ పక్కన మా వైశాలిలో సుబేదారు భీమేశ్వరరావు గారి చేతికి మీరు ఏ వస్తువిచ్చినా సరే, ఆయన ముందు అందులో తూటా ఉందా లేదా అని చూస్తారు. వానలో గొడుగిచ్చారనుకోండి, కొస నేలకి దించి, విప్పి, లోపలికి తొంగి చూసి, "ఖాళీ" అని పైకి చెప్పి, అప్పుడు వేసుకుంటారు. ఈలోగా ఇచ్చినవాళ్ళు తడిసి ముద్దయిపోతారు. గరిటె, హెయిర్ డ్రయ్యరు, ప్లంబరు తెచ్చిన పైపు ముక్క, అన్నిటికీ అదే మర్యాద. ఇంకోటేమిటంటే, దేని మొననీ మనిషి వైపు తిప్పరు. టీవీకీ రిమోటుకీ మధ్య ఎవరైనా కూర్చుంటే ఛానెల్ మార్చరు. ఆ సంగతి కనిపెట్టిన ఆయన భార్య భానుమతి ఆంటీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుంటారు. అందుకే ఆ ఇంట్లో వార్తలు రావు, సీరియళ్ళే వస్తాయి.

కరోనా రోజుల్లో మా సొసైటీ గేటు దగ్గర గార్డు ఒకడు జ్వరం చూసే మిషను ఈయన నుదుటికి పెట్టాడు. ఇంకేముంది!

"ఓయ్! మనిషి నుదుటికి గురి పెడతావా?"

"సాబ్, ఇది థర్మామీటరు."

"థర్మామీటరని నీకు తెలుసు. నా నుదురుకి తెలుసేటి?"

దాన్ని లాక్కుని, కిందికి దించి, వెనకా ముందూ చూసి, "ఖాళీ" అని తిరిగిచ్చి, మణికట్టు చాపారు. ఆ రోజు నుంచి కరోనా పోయేదాకా మా సొసైటీలో అందరికీ మణికట్టు దగ్గరే జ్వరం చూశారు.

నా పేరు వాసవి. నోయిడాలో ఒక ఛానెల్లో ఉద్యోగం, మా ఉమక్క ఇంట్లో మకాం. సుబేదారు గారిది మా కింది ఫ్లాటు. విజయనగరం వైపు మనిషి. వయసంతా పటాలంలో రైఫిలు మోసి, రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడ్డారు. అంతటి మనిషి ఇంట్లో నాలుగు తుపాకులైనా ఉంటాయని సొసైటీ అంతా నమ్మకం. ఒకసారి అడిగేశాను.

"అంకుల్, మీ తుపాకి ఒకసారి చూపించరూ?"

"నాకెందుకమ్మా తుపాకి? సర్వీసంతా దాని పక్కనే పడుకున్నాను. ఇప్పుడైనా మీ ఆంటీ పక్కన పడుకోనీ."

ఇక మా బావగారు రాజగోపాల్. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. బొద్దింక కనిపిస్తే మంచమెక్కుతారు కానీ, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. పై ఫ్లాటు రాజీవ్‌తో ఆయనకి పార్కింగు దగ్గర యుద్ధం. రాజీవ్ కారు రెండు చక్రాలు ఎప్పుడూ మా గీత దాటే ఉంటాయి. ఓ రోజు మాటా మాటా పెరిగి రాజీవ్, "మా ఊళ్ళో ఇంటింటికీ బందూక్ ఉంటుంది, జాన్‌తే హో?" అన్నాడు. అంతే. బావగారు మర్నాడే సెలవు పెట్టి తుపాకి లైసెన్సుకి దరఖాస్తు పడేశారు. కారణం దగ్గర 'ఆత్మరక్షణ' అని రాశారట. తిరగ్గా తిరగ్గా, పోలీసులు ఇంటికొచ్చి విచారించి వెళ్ళగా, చివరికి లైసెన్సు రానే వచ్చింది.

మా అక్కకి అన్నం సయించడం మానేసింది. "ఈయన కోపంలో ఉన్నప్పుడు చేతిలో పెన్నున్నా నాకు భయమేనే. తుపాకి ఎలా పెట్టుకోమంటావు ఇంట్లో? ఏ పూట ఏం చేసొస్తారో! అది గుమ్మంలోకొచ్చిన రోజు నేను బయటికి పోతాను, చెప్తున్నా" అంది. అక్క ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే రకం కాదు.

ఇవేవీ పట్టని బావగారు తిన్నగా కిందికి దిగి, "సుబేదారు గారూ, మంచి తుపాకి మీరే ఎంచిపెట్టాలి" అన్నారు. ఆయన కాదంటారేమోనని అక్క ఆశ. ఆయనేమో, "దాందేముంది, ఆదివారం పొద్దున్నే ఎల్దాం" అన్నారు. అక్క ఆయనకి కాఫీ ఇవ్వడం ఆపేసింది.

బావగారి డ్రైవింగు మీద ఎవరికీ నమ్మకం లేదు కనుక కారు నాది. మొదటి ఆదివారం ఘజియాబాద్‌లో షాపుకి వెళ్ళాం. షాపతను డబుల్ బ్యారెల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు చూడాలి సుబేదారు గారి చేతుల్ని! నోరు షాపతనితో మాట్లాడుతోంది, చేతులు వాటంతట అవే తుపాకిని మడత విప్పి, గొట్టంలో వేలు పెట్టి చూసి, వెలుతురుకి ఎత్తి, మూసి, నేలకి దించేశాయి. మా అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ పక్కింటావిడతో కబుర్లు చెప్పినట్టే ఉంది. తర్వాత బావగారికిచ్చారు. ఆయన అందుకుంటూనే గొట్టం ఫ్యాను వైపు, షాపతని వైపు, నా వైపు తిప్పి, ట్రిగ్గరు మీద వేలేశారు. షాపతను బల్ల కిందికి వెళ్ళిపోయాడు.

"బాలేదు" అన్నారు సుబేదారు గారు.

"తుపాకి బానే ఉంది కదండీ!"

"బట్టు బాలేదు, భుజానికానే చెక్క. పద."

అది మొదలు. ఒకదాని గొట్టం బాలేదు, ఇంకోదాని స్ప్రింగు వదులు, మరోటి బరువు, వేరొకటి మరీ తేలిక. ఘజియాబాద్ అయింది, ఢిల్లీ అయింది, మీరట్ దాకా పోయాం. అక్కడైతే తీరా వెళ్ళేసరికి ఆదివారమని షాపు మూసి ఉంది. "షట్టరైతే గట్టిగానే ఉంది" అని మెచ్చుకుని, మాకు పరాఠాలు పెట్టించి, సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చారు.

"పెళ్ళిచూపుల్లో మేనత్తలాగ అన్నిటికీ వంకలేనా ఈయన!" అని బావగారు దారంతా సణుగుడు.

పైగా హోంవర్కొకటి. కిటికీ పరదా రాడ్డు ఒకటి చేతికిచ్చి, "లైసెన్సయితే వచ్చింది గానీ చేతికి ఏటీ రాలేదు. రోజూ దీంతో అభ్యాసం చెయ్యి. పట్టుకోగానే మొన కిందికి, వేలు బయటికి, లోపల చూసి ఖాళీ అని పైకి చెప్పు" అన్నారు. మా హాల్లో పొద్దున్నా సాయంత్రం "ఖాళీ... ఖాళీ..." అని వినిపించేది. మా పనమ్మాయి దీదీ అది ఏదో మంత్రమనుకుని, ఆ సేపు చీపురు పట్టేది కాదు.

మధ్యలో పాపయ్య వ్యవహారం జరిగింది. పాపయ్యదీ విజయనగరమే, పటాలం నుంచి కొత్తగా దిగాడు. గార్డు ఉద్యోగం దొరికింది కానీ, సొంత తుపాకి ఉన్నవాడే కావాలన్నారు. ఈ నగరంలో చాలామంది మాజీ జవాన్లకి అదే బతుకుతెరువు. అతన్నీ కారెక్కించుకుని మళ్ళీ ఆ మొదటి షాపుకే వెళ్ళాం. పాపయ్య తుపాకి అందుకున్నాడు, విప్పాడు, చూశాడు, దించాడు. టీ చల్లారకముందే సుబేదారు గారు "ఇదే తీసుకో" అనేశారు.

బావగారు గయ్యిమన్నారు. "ఇదే కదండీ నాకు బట్టు బాలేదన్నారు!"

"అవును. నీకు బాలేదన్నాను."

"అదెలాగండీ? బట్టు ఒకటే కదా!"

"బట్టు ఒకటే, భుజాలు రెండు. ఇతనిది తుపాకి పెట్టగానే నిద్రపోయింది. నీది లెగిసి కూచుంది."

బావగారు ఇంటికొచ్చేదాకా తన భుజం తడుముకుంటూనే ఉన్నారు. ఈ ముసలాయనకి మతి పోయిందని ఆ రాత్రి తేల్చి, ఇక లాభం లేదు, లైసెన్సులో కొనుక్కోమని ఇచ్చిన గడువు ఈ నెలతో అయిపోతోంది, వచ్చే ఆదివారం ఏదో ఒకటి కొనేస్తానని ప్రకటించారు. అక్క అటక మీంచి సూట్‌కేసు దించింది. నా ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా ఆ శనివారం సాయంత్రం రాజీవ్ కారు మూడు చక్రాలు గీత దాటాయి. బావగారు అప్పుడు అభ్యాసంలో ఉన్నారు. బాల్కనీలోంచి చూశారు, రాడ్డు పట్టుకునే కిందికి పరిగెత్తారు. వెనకాల అక్క, అక్క వెనకాల నేను.

"ఆజ్ తో మైఁ నహీఁ ఛోడూంగా!" అని, ఇవాళ వదిలేది లేదని అరుస్తూ బావగారు రాడ్డెత్తారు. రాజీవ్ కూడా చొక్కా చేతులు మడిచాడు. గార్డులు పరిగెత్తుకొస్తున్నారు. అక్క నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. రాడ్డు రాజీవ్ గుండెకి ఎదురుగా వచ్చింది. వచ్చీ రాగానే, ఎవరో గుంజినట్టు, మొన కిందికి దిగిపోయింది. బావగారి వేలు పక్కకి జరిగింది. ఆయన వంగి, ఒక కన్ను మూసి, రాడ్డు బొక్కలోకి చూసి, గట్టిగా "ఖాళీ!" అన్నారు.

పరిగెత్తుకొస్తున్న గార్డులు ఉన్నచోటే ఆగిపోయారు.

"క్యా ఖాలీ, భాయీసాబ్?" అన్నాడు రాజీవ్ అయోమయంగా.

బావగారు రాడ్డు వంక చూశారు, రాజీవ్ వంక చూశారు. "రాడ్డు" అన్నారు నీరసంగా.

రాజీవ్ తనూ వంగి బొక్కలోకి చూశాడు. ముందు అతనికి నవ్వొచ్చింది. తర్వాత గార్డులకి. ఆఖర్న, ఎంత బిగపట్టుకున్నా ఆగక, బావగారికి. మా అక్క అక్కడే మెట్ల మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజీవ్ కళ్ళు తుడుచుకుంటూ కారు వెనక్కి తీశాడు.

మర్నాడు పొద్దున్నే సుబేదారు గారు తయారై గుమ్మంలో నిలబడ్డారు. "పద రాజగోపాలూ. ఇవాళ తుపాకి కొనేద్దాం. ఏ వంకా పెట్టను."

బావగారు సిగ్గుపడిపోయారు. "ఇంకెందుకండీ ఇప్పుడు!"

"అదేటి? ఇప్పుడే కదా నీ చేతికి వచ్చింది!"

బావగారికి అప్పటికి వెలిగింది. "అంటే ఇన్నాళ్ళూ వంకలన్నీ నాకా? నన్ను మీరట్ దాకా ఎందుకు తిప్పారండీ మరి? షాపు మూసేస్తారని మీకు తెలియదా?"

"తెలుసు. ఆదివారం ఆ రాజీవ్ కారూ నీ కారూ రెండూ కిందే ఉంటాయి, మీరిద్దరూ ఇళ్ళల్లోనే ఉంటారు. ఎక్కడికో ఒక దగ్గరికి తీసుకెళ్ళాలి కదా నిన్ను?"

నాకు గుండె నిండిపోయింది. అప్పుడు వంటింట్లోంచి అక్క, ఇన్నాళ్ళ తర్వాత, సుబేదారు గారి కోసం కాఫీ పట్టుకొచ్చింది.

"అంకుల్, తుపాకి మాటెలా ఉన్నా, ఆదివారాలు ఈయన్ని తీసుకెళ్ళడం మాత్రం ఆపకండి. నేను అలవాటు పడిపోయాను."